మూణ్ణాళ్ళ దొర

ఫోటోల గదిలో తెర మీద నాణెం కంచమంత పెద్దదయింది. చక్రవర్తి మెడ మీద, చెవికి కాస్త కింద, గుండ్రటి కురుపు కనబడింది. నేను పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను. ఫోటోలు తీసే ఆవిడ నా వైపు చూసి, పొద్దున ఏమైనా తిని వచ్చారా అని అడిగింది. తిన్నానని చెప్పాను. ఆవిడ ఇంకో రెండు ఫోటోలు తీసి, ఈ దొరగారు నిన్ననే స్నానం చేసినట్టున్నాడని మెచ్చుకుంది. ఆ స్నానం నేను చేయించింది కాదు అనుకుంటూ లేచాను.

నేను మ్యూజియంలో పాత నాణేలు శుభ్రం చేస్తాను. ఇరవై ఒక్క ఏళ్ళుగా అదే పని. చదివింది చరిత్ర, చేసేది అంట్లు తోమడం అని మా నాన్న ఎగతాళి చేసేవాడు. ఆయన అన్నదాంట్లో పెద్ద అబద్ధం లేదు. భూమిలోంచి వచ్చిన నాణెం నాణెంలా ఉండదు, పుండు మీద కట్టిన పక్కులా ఉంటుంది. దాన్ని వారాల తరబడి శుద్ధి చేసిన నీళ్ళలో నానబెట్టాలి. రోజూ నీళ్ళు మార్చాలి. ఆ తరవాత భూతద్దం కింద పెట్టి సూదితో ఒక్కో రేణువూ లేపాలి. తొందరపడి గీకితే తుప్పుతో పాటు మొహం కూడా ఊడొస్తుంది. ఈ పని చేసీ చేసీ నలభై తొమ్మిదేళ్ళకే నా మెడ వంగినచోట వంగినట్టే ఉండిపోయింది. సాయంత్రమయ్యేసరికి కుడి కన్ను నీళ్ళు కారుస్తుంది. ఇంటికి వెళ్ళే బస్సులో పక్కవాళ్ళు నేను ఏడుస్తున్నాననుకుని జాలిపడతారు. మొదట్లో కాదని చెప్పేదాన్ని, ఇప్పుడు ఆ ఓపిక కూడా లేదు.

పంతొమ్మిదేళ్ళ కిందట నీటి గొట్టాల కోసం కందకం తవ్వుతుంటే ఒక కుండ బయటపడింది. నిండా రోము చక్రవర్తుల నాణేలు. తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు ముద్దలుగా ఉన్నాయి. విడదీసేదాకా ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. విడదీశాక పదకొండు వందల చిల్లర తేలాయి. రోము బాగా చితికిపోయిన రోజుల నాణేలు అవి. యాభై ఏళ్ళ లోపల ఇరవైమందికి పైగా చక్రవర్తులు మారారు. ఒకాయన శత్రువుకి పట్టుబడ్డాడు, ఒకాయన మహమ్మారికి పోయాడు, తక్కినవాళ్ళలో చాలామందిని సొంత సైనికులే చంపారు. ఆ సైనికుల జీతాలకి వెండి చాలక, రాగిలో చిటికెడు వెండి కలిపి, పైన పలచగా వెండి పూత వేసి నాణెమని చేతిలో పెట్టేవారు. పైన పటారం లోన లొటారం అనే మాట వాళ్ళ భాషలో ఉందో లేదో గానీ, దానికి తగిన సరుకు మాత్రం లక్షల్లో తయారుచేశారు.

ఇలాంటి కుండ దొరికితే మావాళ్ళు ముందు చూసేది ఒక్కటే: అందులో అన్నిటికన్నా చివరిగా తయారైన నాణెం ఏది? కుండని అంతకన్నా ముందు పూడ్చి ఉండరు కదా, అదీ లెక్క. మా కుండలో నాణేలన్నీ క్రీస్తు శకం 270 దగ్గర ఆగిపోయాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఫ్లోరియానుస్ అనే ఆయనది, 276 నాటిది. అన్న పోగానే ఎవరి మాట కోసమూ ఆగకుండా సింహాసనం ఎక్కి కూర్చున్నాడు. మూడు నెలలు నిండకుండానే తన సైనికుల చేతిలోనే చచ్చాడు. ఆ కాస్త వ్యవధిలోనే తన మొహంతో నాణేలు కొట్టించుకోవడం మాత్రం మరిచిపోలేదు.

ఆ ఒక్క నాణెం మీద మా పెద్దాయన పంతొమ్మిదేళ్ళ బతుకు పెట్టాడు. పెద్దాయన అంటే మా విభాగానికి అధికారి. నాకు సూది పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆయన చెప్పేదేమిటంటే, 270లో ఆ ఊరివాళ్ళు ఏదో భయంతో కుండ పాతిపెట్టి పారిపోయారు. ఆరేళ్ళ తరవాత వాళ్ళలో ఒకరు తిరిగి వచ్చారు. కుండ తవ్వి, ఉన్నది తీసుకోకుండా, పైన ఇంకో నాణెం వేసి మళ్ళీ పూడ్చారు. ఎందుకలా చేశారో చెబుతూ ఆయన ముప్ఫై పేజీల అధ్యాయం రాశాడు. గాజు పెట్టెలో ఆ నాణెం పక్కన చిన్న అట్ట మీద ఆ కథ ఉంటుంది. బడి పిల్లలు వస్తే టీచర్లు అక్కడే ఎక్కువసేపు నిలబెడతారు. ఒకసారి ఒక ముసలాయన ఆ అట్ట చదివి కళ్ళు తుడుచుకోవడం నేనే చూశాను. వచ్చే నెల పెద్దాయన పదవీ విరమణ. కుండ గురించి ఆయన రాసిన పుస్తకం ఆ లోపే అచ్చుకి వెళ్ళాలి. ఆ అధ్యాయం మొదటి పేజీ కోసమే ఇవాళ ఈ పెద్ద ఫోటో.

ఆ మెడ మీది కురుపుని నేను ముప్ఫై ఏళ్ళకి పైగా ఎరుగుదును.

మా నాన్న గడియారాలు బాగుచేసేవాడు. సంతల్లో, పాత సామాన్ల దుకాణాల్లో రోము నాణేలు ఏరుకొచ్చేవాడు. ఒక్కో చక్రవర్తిది ఒక్కటి చాలు, రెండోది ఉంటే దురాశ అనేవాడు. గడియారం విడిభాగాలు పెట్టుకునే అరల పెట్టెలో ఒక్కో అరకి ఒక్కో కాగితం కవరు, కవరులో ఒక చక్రవర్తి. పదేళ్ళు వెతికి దొరికించుకున్నది ఫ్లోరియానుస్‌ని. పాలించింది మూణ్ణాళ్ళ ముచ్చట కాబట్టి ఆయనకి మా ఇంట్లో మూణ్ణాళ్ళ దొర అని పేరు. సెలవురోజు మధ్యాహ్నం నాన్న పెట్టె తెరిస్తే తమ్ముడూ నేనూ చెరో పక్కన కూర్చునేవాళ్ళం. మెడ మీద కురుపు కనిపెట్టింది తమ్ముడే. అప్పుడు వాడికి ఆరేళ్ళు. దానికి మందు రాద్దామని వాడంటే, నాన్న నవ్వి, అచ్చు పగిలితే ఆ పగుల్లోకి లోహం వెళ్ళి అలా ఉబ్బుతుందని, ఆ అచ్చుతో కొట్టిన నాణేలన్నిటికీ అదే కురుపు ఉంటుందని చెప్పాడు. అంటే ఈ దొరలందరికీ ఒకే జబ్బా అని వాడు బాధపడ్డాడు.

ఇక నేను చేసిన పని చెప్పాలి. మా పనిగదిలోకి సొంత నాణెం తీసుకురాకూడదు. ఎవరి దగ్గరైనా ఉంటే గుమ్మం దగ్గర కాపలా అతనికి ఇచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టి లోపలికి రావాలి. ఆ నిబంధన తప్పితే ఉద్యోగం ఉండదు. కుండ వచ్చిన కొత్తలో, వెండి పూత ఊడిపోయిన నాణేల పక్కన పూత నిలిచిన నాణెం ఒకటి పెట్టి చూడాలని నాకు కోరిక పుట్టింది. మూణ్ణాళ్ళ దొరకి పూత చక్కగా ఉండేది. నాన్నని అడిగితే ఇవ్వడని, అడక్కుండానే కవరుతో సహా సంచీలో వేసుకుని వెళ్ళాను. మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు దాన్ని తీసి, బల్ల మీద పరిచిన గుడ్డ మీద కుండ నాణేల సరసన పెట్టాను. రెండు నిమిషాలు కూడా చూశానో లేదో, భవనమంతా గంట మోగింది. నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో నేర్పించే కసరత్తు అది. గంట మోగితే గుడ్డ మీద ఉన్నదంతా గిన్నెలోకి, గిన్నె ఇనప్పెట్టెలోకి, మనుషులు మెట్ల మీదికి వెళ్ళాలి. నేను అలాగే చేశాను. నా నాణెం కవర్లో పెట్టాననే అనుకున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చి కవరుని దాని అరలో పెట్టేశాను, విప్పి చూడలేదు.

ఆ రాత్రి నుంచి మూడు రోజులు నాకు జ్వరం. తిరిగి పనికి వెళ్ళేసరికి పెద్దాయన మొహం వెలిగిపోతోంది. ఆ రోజు నేను ఇనప్పెట్టెలో పెట్టిన నలభై ఒకటో గిన్నెలో ఫ్లోరియానుస్ దొరికాడని చెప్పి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అందరికన్నా పైన పడింది కాబట్టే పూత నిలిచిందన్నాడు. ఆ గిన్నె కుండ పైభాగంలో ముద్దదేనా అని అడిగాడు. అవునన్నాను. గిన్నె వరకూ అది నిజమే. నాణెం వివరాలు రాసిన కార్డు మీద సంతకం పెట్టమంటే పెట్టాను. మా ఇంట్లోనూ ఒకడున్నాడు, ఎంత చిత్రం అనుకున్నాను.

ఆ వారం చివర నాన్న పెట్టె తెరిచాడు. కవరు ఖాళీగా ఉంది.

అదే వారంలో తమ్ముడు కొత్త బూట్లు వేసుకుని ఇంటికి వచ్చాడు. కాలేజీ మానేసి లిఫ్టులు బిగించే కంపెనీలో చేరాడు, బూట్లు వాళ్ళిచ్చినవి. చదువు మానేసిన సంగతి నాన్నకి చెప్పే ధైర్యం లేక, బూట్లెక్కడివని అడిగితే నోరు మెదపలేదు. ఇంకేం కావాలి? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడి లెక్క అయింది వాడి పని. నాన్న వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. నువ్వు తీశావా అని ఒక్కసారి అడిగాడు. లేదని వాడన్నాడు. రెండోసారి ఆయన అడగలేదు, వాడు చెప్పలేదు. నెల తిరక్కుండా వాడు ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. నాన్న ఖాళీ అరలో గుండ్రంగా కత్తిరించిన అట్టముక్క పెట్టాడు.

మరి నువ్వు చెప్పలేదా అంటారు. చెప్పలేదు. నాణెం తీసుకెళ్ళానంటే ఉద్యోగం పోతుంది. తిరిగి తెచ్చి పెట్టాను కదా, ఆ తరవాత ఏం జరిగిందో నాకేం తెలుసు అనుకున్నాను. నన్నెవరూ అడగలేదు కాబట్టి అబద్ధం ఆడాల్సిన పని కూడా పడలేదు. గిన్నెలో దొరికినదీ కవర్లో పోయినదీ ఒకటేనేమోనని ఒక్కనాడైనా అనిపించలేదా అంటే, అనిపించింది. ఒకసారి స్నానం చేస్తుండగా అనిపించింది. చెంబు కింద పెట్టి అలాగే నిలబడ్డాను. ఆ తరవాత, ఆ అచ్చుతో కొట్టినవి వందలుంటాయిలే అని నాకు నేనే చెప్పుకుని నీళ్ళు పోసుకున్నాను. అప్పటి నుంచి గాజు పెట్టెలో ఆ నాణేన్ని నేను దగ్గరికి వెళ్ళి చూడలేదు. నాన్న తన నాణేల ముద్రలు దింపుకున్న పుస్తకం తెరవలేదు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిని చూసి అందరూ నవ్వుతారు. పంతొమ్మిదేళ్ళు తాగితే పిల్లికి కూడా విసుగొస్తుంది.

నాన్న పోయి పదకొండేళ్ళయింది. అమ్మ అంతకు ముందే పోయింది. నాన్న చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఉంటే తమ్ముడు చూడ్డానికి వచ్చాడు. వాడు గదిలోకి అడుగుపెట్టగానే నాన్న నావైపు తిరిగి, పెట్టెకి తాళం వేశావా అని అడిగాడు. గొంతు పోయిన మనిషి, అయినా ఆ మాట గదంతా వినబడింది. వాడు తెచ్చిన పళ్ళు బల్ల మీద పెట్టి, కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. వేశాను నాన్నా అని నేను జవాబిచ్చాను. అంతకన్నా సిగ్గుమాలిన మాట నా జన్మలో ఇంకోటి అనలేదు.

ఫోటోల గది నుంచి నేరుగా ఇంటికి వచ్చాను. తలనొప్పి అని చెప్పాను, అది నిజమే. అలమారలో పై అరలో నాన్న పుస్తకం ఉంది. నాణెం మీద పలచటి కాగితం వేసి, పెన్సిలుతో మెల్లగా రుద్ది, ఆ ముద్ర దింపి అంటించేవాడాయన. ప్రతి పేజీకీ ఒక చక్రవర్తి, కింద బరువు, కొన్న తేదీ. పుస్తకం తెరిచేముందు కూడా నాకు ఒక ఆశ ఉంది. కురుపు అచ్చుది. ఆ అచ్చుతో కొట్టిన నాణెం ఇంకోటి నిజంగానే ఆ కుండలో పడి ఉండొచ్చు. కానీ చేత్తో సుత్తెదెబ్బ వేసి కొట్టిన నాణేలకి అంచు పగుళ్ళు ఏ రెంటికీ ఒకేలా ఉండవు. అచ్చు ఒకటే అయినా దెబ్బ వేరు, లోహపు బిళ్ళ వేరు. తెర మీద చూసిన నాణేనికి చక్రవర్తి తల వెనక, మూడో అక్షరానికీ నాలుగో అక్షరానికీ మధ్య, అంచు నుంచి లోపలికి వంకరగా ఒక పగులుంది. అది వెంట్రుకంత సన్నం, చివర రెండుగా చీలింది.

నాన్న పెన్సిలు ముద్రలోనూ మూడో అక్షరానికీ నాలుగో అక్షరానికీ మధ్య ఆ పగులు ఉంది. చివర రెండుగా చీలింది.

కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆ పేజీ చూశాను. ఏడుపు రాలేదు, అలసట వచ్చింది. ఏళ్ళ తరబడి ఒక బరువు మోసి, దించే చోటుకి వచ్చాక దాన్ని ఎలా దించాలో చేతులకి గుర్తులేనప్పుడు వచ్చే అలసట. ఎవరికీ చెప్పకుండా ఆ పుస్తకం మళ్ళీ పైన పెట్టేయొచ్చు. పెద్దాయన అధ్యాయం అచ్చవుతుంది, ఆయనకి పూలదండ వేస్తారు, నేను ఇంకో తొమ్మిదేళ్ళు సూది పట్టుకుంటే నా దండ నాకొస్తుంది. తమ్ముడు దొంగగానే ఉంటాడు. ఇన్నేళ్ళూ ఉన్నాడు కదా, అలవాటు పడిపోయి ఉంటాడు. ఈ ఆలోచన నా బుర్రలోకే వచ్చింది, ఎవరో చెప్పింది కాదు. అది వచ్చినందుకే మర్నాడు పుస్తకం సంచీలో పెట్టుకుని వెళ్ళాను. గుమ్మం దగ్గర కాపలా అతనికి చూపించి, రిజిస్టరులో సంతకం పెట్టి మరీ లోపలికి వెళ్ళాను.

పెద్దాయన గదిలో బల్ల మీద పుస్తకం తెరిచి పెట్టి, పక్కన ఫోటో పెట్టాను.

“సార్, ఈ నాణెం కుండలోది కాదు. మా నాన్నది. నేనే తెచ్చాను.”

ఆయన పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. భూతద్దం తీసి ముందు ఫోటో చూశాడు, తరవాత పెన్సిలు ముద్ర చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. ఈలోగా నేను గంట మోగిన సంగతి, జ్వరం సంగతి, కవరు సంగతి అంతా చెప్పాను. ఆయన తల ఎత్తకుండానే విన్నాడు. ఈ సంగతి ఇంకెవరికి తెలుసని అడిగాడు. ఎవరికీ తెలియదన్నాను. ఆయన లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

“పుస్తకం బయటికి రానీ అమ్మా, తరవాత నెమ్మదిగా చూద్దాం. ఎప్పుడో పదిహేడు వందల ఏళ్ళ కింద పోయినవాళ్ళకి ఆరేళ్ళు అటైతేనేం, ఇటైతేనేం.”

“మా తమ్ముడు బతికే ఉన్నాడు సార్.”

అప్పుడాయనకి తమ్ముడి సంగతి చెప్పాను. అంతవరకూ నాకో తమ్ముడున్నాడని కూడా ఆయనకి తెలియదు. అంతా విని, టీ తాగొస్తానని బయటికి వెళ్ళాడు. గంటన్నర రాలేదు. నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను. ఆయన బల్ల మీద అచ్చు ప్రతులు దొంతరగా ఉన్నాయి. పైన ఉన్నది ఆ అధ్యాయమే. దాని పేరు ‘తిరిగొచ్చిన మనిషి’. ప్రతి పేజీ పక్కనా పెన్సిలుతో చిన్న చిన్న అక్షరాల్లో దిద్దుకున్నాడు. ఒక కామా తీసేసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసేసిన చోటు కూడా ఉంది. అంత శ్రద్ధగా చేసిన పనిని నేను ఒక్క మాటతో చెత్తబుట్టలో వేశాను. ఆయన మీద నాకు కోపం రాలేదు. తలుపు వేసి అడిగిన మాటని నేను పంతొమ్మిదేళ్ళుగా తలుపు వెయ్యకుండానే పాటించాను కదా.

తిరిగి వచ్చాక ఆయన సొరుగులోంచి ఆ నాణెం కార్డు తీశాడు. కింద నా సంతకం ఉంది. దాని మీద అడ్డంగా ఎర్ర సిరాతో ‘బయటి నాణెం, కుండకి సంబంధం లేదు’ అని రాసి, తన సంతకం పెట్టాడు. సంతకం కుదరక ఇంకోసారి పెట్టాడు. అధ్యాయం కాగితాలు దొంతరలోంచి తీసి పక్కన పెట్టి, పుస్తకం ముప్ఫై పేజీలు తగ్గింది, మోసేవాళ్ళకి సుఖం అన్నాడు. జరిగినదంతా కాగితం మీద రాసి ఇమ్మన్నాడు. విచారణ ఉంటుందని, అది తేలేదాకా పనిగది తాళంచెవి ఇచ్చేయాలని చెప్పాడు. నాణెం తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది కమిటీ తేలుస్తుంది, నెలలు పట్టొచ్చన్నాడు. అన్నిటికీ తల ఊపాను. తాళంచెవి బల్ల మీద పెట్టి నేను గుమ్మం దాటబోతుంటే, కిటికీ వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

“అయితే ఎవరూ తిరిగి రాలేదన్నమాట.”

ఆ మాటకి నాకు నిజంగా ఏడుపొచ్చింది. బస్సులో పక్కనున్నావిడ జాలిగా చూసింది. ఈసారి ఆవిడ జాలి వృథా పోలేదు.

తమ్ముడి ఇంటికి ఫోన్ చేస్తే మరదలు ఎత్తింది. నా గొంతు గుర్తుపట్టి, ఏమైంది వదినా అని కంగారుపడింది. ఏమీ కాలేదని, వాడెక్కడ పని చేస్తున్నాడో చెప్పమని అడిగాను. ఏదో ఆఫీసు భవనంలో లిఫ్టు విప్పారట, పై అంతస్తులో ఉన్నాడట. వెళ్ళి చూస్తే ఏడంతస్తులు. లిఫ్టు బాగుచేసేవాడి దగ్గరికి వెళ్ళాలంటే మెట్లెక్కక తప్పదని నాకు ముందే తట్టి ఉండాల్సింది. నాలుగో అంతస్తులో ఆగి, మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాను. ఏం చెప్పాలో వరసగా పేర్చుకున్నాను. నాణేలకి నంబర్లు వేసినంత వరసగా పేర్చుకున్నాను. ఏడో అంతస్తుకి వెళ్ళేసరికి ఒక్కటీ గుర్తులేదు.

వాడు తెరిచి ఉన్న లిఫ్టు తలుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఏదో ఇనప చక్రానికి గ్రీజు పూస్తున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

“ఎవరికైనా ఏమైనా అయిందా అక్కా?”

మేమిద్దరం కలిసేది ఎవరైనా పోతేనే, అందుకని అలా అడిగాడు. ఎవరికీ ఏమీ కాలేదని చెప్పాను. తిరగేసిన సరుకు డబ్బా ఒకటి చూపించి కూర్చోమన్నాడు. కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. తల దించుకునే చెప్పాను. నాణెం తీసుకెళ్ళింది నేనని, అక్కడే పోగొట్టానని, అది మ్యూజియంలో గాజు పెట్టెలో ఉందని, ఇవాళే ఒప్పుకున్నానని చెప్పాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదని కూడా చెప్పాను. ఆ మాట ఎందుకు చెప్పానో నాకే సిగ్గేసింది. నేను కూడా ఏదో నష్టపోయానని వాడికి చూపించుకోవాలనేమో. వాడు గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ విన్నాడు.

“నాకు తెలుసక్కా.”

ఏం తెలుసని అడిగాను.

“ఆ రోజు పొద్దున నువ్వు కవరు తీసి సంచీలో పెట్టుకోవడం చూశాను. నేను పక్క గదిలోనే ఉన్నాను.”

కింద ఎక్కడో ఎవరో ఇనుము మీద కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగిపోయాక, మరి నాన్నతో ఎందుకు చెప్పలేదురా అని అడిగాను.

“నువ్వు చెప్తావని చూశాను.”

“ఇన్నేళ్ళా?”

“లేదు. నాన్న ఉన్నంతవరకే. ఆయన పోయాక చూడ్డం మానేశాను.”

కోపంగా అనలేదు. ఏ భాగం ఎప్పుడు అరిగిందో ఇంటివాళ్ళకి చెప్పే మెకానిక్కులా అన్నాడు. వాడు నన్ను తిట్టి ఉంటే ఎంత బావుండేదో. నిర్దోషివిరా అని వాడికి చెప్పడానికి నేను ఏడంతస్తులెక్కి వచ్చాను. ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసినవాడు వాడే. వాడికి కావలసింది నాణెం కాదు, సాక్ష్యం కాదు. ఆసుపత్రి గదిలో నాన్న నన్ను తాళం సంగతి అడిగినప్పుడు కూడా వాడు నా నోటి వంకే చూస్తూ నిలబడి ఉంటాడు. పళ్ళు బల్ల మీద పెట్టి, కాసేపు ఆగి.

క్షమించమని అడగడానికే వచ్చాను. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అడిగితే వాడు పోనీలే అక్కా అంటాడు, క్షణం కూడా ఆలోచించడు. వాడు అలాంటివాడు. అప్పుడు అది కూడా వాడే మోయాలి. ఇన్నేళ్ళు వాడి భుజాల మీద పెట్టింది చాలదన్నట్టు ఇంకొకటి పెట్టి, నేను తేలికపడి ఇంటికి వెళ్ళాలి. నేను అడగలేదు.

కింది నుంచి ఎవరో వాణ్ణి పిలిచి తీగ వదలమంటారా అన్నారు. ఇంకా వద్దని కేకేసి, వాడు నావైపు తిరిగాడు. లిఫ్టు సాయంత్రానికి గానీ నడవదని, మూడో అంతస్తులో దీపం లేదని, గోడ పట్టుకుని జాగ్రత్తగా దిగమని చెప్పాడు. సరేనన్నాను. వాడు మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని చక్రానికి గ్రీజు పూయడం మొదలుపెట్టాడు. నేను సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగాను.